లోపల మనిషి ఉండగా

"మీ ప్యాషన్ ఏంటి మేడమ్?" అని అడిగింది ఫోనులో కౌన్సెలర్ పిల్ల.

ఆన్‌లైన్ ఎంబీఏలో మొదటి ఏడాది గట్టెక్కింది. రెండో ఏడాదికి స్పెషలైజేషన్ ఎంచుకోవాలి. మార్కెటింగా, ఫైనాన్సా, హెచ్ఆరా, ఆపరేషన్సా, అనలిటిక్సా. ఎటూ తేల్చుకోలేక కొట్టుమిట్టాడే వాళ్లకి సలహా చెప్పడానికి యూనివర్సిటీ వాళ్లు ఈ పిల్లని కూర్చోబెట్టారు. ఎదురుగా రాసి పెట్టిన ప్రశ్నలు చదవడం తప్ప పాపం ఆ పిల్లకి మాత్రం వేరే దారేముంది? కానీ నలభై దాటిన మనిషిని పట్టుకుని ప్యాషన్ ఏమిటంటే ఏం చెబుతుంది? నిజం చెప్పాలనుకుంటే చెప్పొచ్చు. ఆదివారం సాయంత్రం గ్రూపు క్లాసులో ఒక గొంతు వినడం. అదీ ఆమె ప్యాషను. ఆ పిల్ల చదివే జాబితాలో అలాంటి సబ్జెక్టు లేదు మరి.

"ఆలోచించుకుని చెప్తానమ్మా" అని పెట్టేసింది.

ఆఫీసులో ఆమెని అందరూ అక్క అంటారు. మేనేజరు ఆమెకన్నా పెద్దవాడు, ఆయనా అక్కే అంటాడు. మనమూ అలాగే అందాం.

అక్క పనిచేసేది లిఫ్టుల కంపెనీ కంట్రోల్ రూములో. లిఫ్టు లోపల గంట బొమ్మ ఉన్న మీట ఒకటి ఉంటుంది చూశారా, సరదాకి పిల్లలు నొక్కి తిట్లు తింటారే, అది నొక్కితే పలికేది అక్కే. ఊళ్లో ఎక్కడ లిఫ్టు ఆగినా ఎదుటి గోడ మీది తెరలో ఎర్రచుక్క వెలుగుతుంది. మెకానిక్ బండేసుకుని బయల్దేరతాడు. అతను వెళ్లేదాకా లోపలున్న మనిషితో అక్క మాట్లాడుతూ ఉండాలి. "భయపడకండి. నేనిక్కడే ఉన్నాను" అంటుంది ముందుగా. తర్వాత వాళ్ల పిల్లల చదువులు, మోకాళ్ల నొప్పులు, పక్కింటివాళ్ల మీద చాడీలు, ఏవైనా సరే వింటుంది. ఉద్యోగంలో చేరిన రోజే ఆమెకో రూలు చెప్పారు. లోపల మనిషి ఉండగా లైన్ కట్ చెయ్యకూడదు. గొంతెండినా, పక్కన కొంపలంటుకున్నా సరే, మెకానిక్ "క్లియర్" అనేదాకా అక్క కుర్చీలోంచి కదలడానికి లేదు.

లిఫ్టుల మరమ్మతులన్నీ చూసే సర్వీస్ హెడ్డు వచ్చే ఏడాది రిటైరవుతున్నాడు. "ఆపరేషన్స్‌లో ఎంబీఏ చేసి రా, ఆ కుర్చీ నీదే" అన్నాడు మేనేజరు. ఆ కుర్చీ మీద అక్కకి ఎప్పట్నుంచో కన్నుంది. ఇరుక్కున్న వాళ్లని ఓదార్చీ ఓదార్చీ విసిగిపోయింది. అసలు ఇరుక్కోకుండా చూసే పని కావాలి. అందుకే ఈ వయసులో పుస్తకాలు పట్టింది. స్పెషలైజేషన్ సంగతి చేరిన రోజే తేలిపోయిందన్నమాట. మరి ఇప్పుడెందుకీ మల్లగుల్లాలంటే, మధ్యలో వడ్రంగి తగిలాడు.

యూనివర్సిటీ వాళ్లు క్లాసు మొత్తాన్ని నలుగురి చొప్పున గ్రూపులు చేశారు. అక్క గ్రూపులో ఒక పళ్ల డాక్టరమ్మాయి, ఒక బ్యాంకాయన, ఒక వడ్రంగి. డాక్టరమ్మాయి నోరు ఊరుకోదు, మొదటి వారమే అందరికీ పేర్లు పెట్టేసింది. బ్యాంకు గారు, వడ్రంగి గారు, లిఫ్టు గారు. వడ్రంగికి సొంత షాపుంది. ఆ షాపులో నెట్టు అంతంతమాత్రం, కెమెరా పెడితే మాట తెగిపోతుంది. "గొంతు కావాలో, మొహం కావాలో మీరే తేల్చుకోండి" అన్నాడు మొదటి రోజే. గొంతే కావాలన్నారు ముగ్గురూ. అందరికంటే ముందు అన్నది అక్క.

అలా ఏడాది పాటు తెర మీద అతనొక నల్లటి గడి. ఆ గడి వెనక చెక్కని చిత్రిక పడుతున్న చప్పుడు, మధ్యమధ్య పొడిగా ఒక దగ్గు, నెమ్మదైన మాట. పాఠం మొదలయ్యే ముందు అందర్నీ వరసపెట్టి అడిగేవాడు, "తిన్నారా?" అని. "ఎక్కడండీ, పేషెంటు ఇంకా నోరు తెరుచుకునే ఉన్నాడు" అనేది డాక్టరమ్మాయి. చివర్లో "లిఫ్టు గారూ, మీరో?" అనేవాడు. ఎందుకండీ ఈ హాజరు పట్టీ అని బ్యాంకాయన ఓసారి వేళాకోళమాడితే, "ఒక్కణ్ణే తినాలంటే ముద్ద దిగదండీ. మీరంతా తిన్నామంటే నాకూ దిగుతుంది" అన్నాడు.

పొద్దున లేచింది మొదలు ఊళ్లోవాళ్లందర్నీ ఊపిరాడుతోందా, కళ్లు తిరుగుతున్నాయా అని అడగడమే అక్క పని. ఆమెని అడిగే మనిషి ఎవరూ లేరు. ఇంట్లో పిన్ని ఉంది కానీ పిన్ని అడగదు, తినమని కేకలేస్తుంది. రెండూ ఒకటి కావు. అందుకే ఆ ఒక్క ప్రశ్న కోసం అక్క సోమవారం నుంచే ఎదురుచూసేది. ఎదురుచూస్తున్నానని ఒప్పుకోవడానికే ఆర్నెల్లు పట్టింది. ఒప్పుకున్నాక కొంత తేలికైంది, కొంత బరువెక్కింది.

ఇక రెండో ఏడాదికి పాత గ్రూపులు ఉండవు. ఎవరి స్పెషలైజేషన్‌లో వాళ్లకి కొత్త గ్రూపులు. ఒకే స్పెషలైజేషన్ తీసుకున్న వాళ్లు మాత్రం కావాలంటే కలిసి ఉండొచ్చు. వడ్రంగి తనది ముందే చెప్పేశాడు. "నాకు మార్కెటింగే గతి. కుర్చీ చెయ్యడం వచ్చు, అమ్మడం రాదు. షాపులో కుర్చీలన్నీ నా మొహమే చూస్తుంటాయి" అన్నాడు.

"ఏమిటే, ఆ తిన్నారా గారు ఏం చదువుతాట్ట?" అంది పిన్ని, గురువారం సాయంత్రం ఇద్దరూ బీన్స్ ఈనెలు తీస్తుండగా. అతనికి పిన్ని పెట్టిన పేరది.

"మార్కెటింగ్."

"నువ్వో?"

"చూడాలి."

"చూడ్డానికేముంది, నీ మొహమ్మీదే కనిపిస్తోంది. ఈ జన్మలో ఎవరికైనా గుండుసూది అమ్మావటే నువ్వు? ఒకవైపు కుర్చీ వేసి రమ్మంటుంటే ఇంకోవైపు నల్లపలక ముందు తల దువ్వుకుని కూర్చుంటానంటావు."

"నేనేమీ అన్లేదు పిన్నీ."

"అనకపోతే బీన్స్ పారేసి ఈనెలు గిన్నెలో వేస్తున్నావేం?"

అక్క గిన్నె వైపు చూసుకుంది. పిన్ని చెప్పింది నిజమే.

ఆ సాయంత్రమే పోర్టల్ తెరిచి మార్కెటింగ్ మీద నొక్కింది. ఆదివారం దాకా మార్చుకోవచ్చని కింద రాసి ఉంది, అదొక ధైర్యం. తర్వాత ఆ సబ్జెక్టుల పేర్లు ఒక్కొక్కటే చదువుకుంది. బ్రాండ్లట, ప్రకటనలట, కొనేవాడి మనసట. ఒక్కటీ తలకెక్కలేదు. ఆమెకి కనిపించినవి ఇంకో ఏడాది ఆదివారాలు. ఆ నల్లటి గడి, ఆ చిత్రిక చప్పుడు, లిఫ్టు గారూ మీరో అన్న పిలుపు. చిన్నపిల్లలా కాళ్లూపుకుంటూ కూర్చుంది. మర్నాడు మేనేజరు "పెట్టావా అక్కా, ఆపరేషన్స్?" అంటే మాత్రం, ఆదివారం దాకా గడువుందని దాటేసింది.

శనివారం మధ్యాహ్నం ఎర్రచుక్క వెలిగింది. ఇల్లు మారుతున్న మనిషెవరో నిలువుటద్దం పట్టుకుని లిఫ్టెక్కాడు. రెండంతస్తుల మధ్యలో అది ఆగిపోయింది.

"భయపడకండి. నేనిక్కడే ఉన్నాను" అంది అక్క.

"నేను కాదండీ, ఈ అద్దంలోవాడు భయపడుతున్నాడు. వాణ్ణి చూసి నాకు కాలూ చెయ్యీ ఆడటం లేదు."

"అయితే వాణ్ణి గోడవైపు తిప్పేయండి."

అతను నవ్వాడు. నవ్వాక ఊపిరి కుదుటపడింది. ఇక మాటలు మొదలయ్యాయి. ఈ ఇల్లు మారడం అతనికి ఇష్టం లేదట, భార్య పోరు పడలేకట. ఆ అద్దం వాళ్లమ్మదట. ఎప్పుడూ ఎవరికీ చెప్పనివి కూడా చెప్పుకున్నాడు. చివరికి, "మీరు లేకపోతే ఏమైపోయేవాణ్ణో అండీ. మీ గొంతు చచ్చేదాకా మర్చిపోను. బయటికి రాగానే ముందు మీకే చెప్తాను" అన్నాడు.

ఇంతలో తలుపు తెరుచుకున్న చప్పుడు. ఎవరెవరివో కేకలు. "జాగ్రత్త, అంచు, అంచు తగులుతోంది!" అన్నాడతను. తర్వాత అడుగుల చప్పుడు దూరమైంది. లైన్ ఇంకా తెరిచే ఉంది. ఖాళీ లిఫ్టులో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు అక్క చెవిలో చాలాసేపు మోగింది. "క్లియర్ అక్కా" అన్నాడు మెకానిక్.

ఇదేమీ కొత్త కాదు. ఇన్నేళ్లలో తలుపు తెరుచుకున్నాక వెనక్కి తిరిగి మాట్లాడినవాడు ఒక్కడూ లేడు. గోడకి ఎవరు చెప్పి వెళ్తారు? అక్క ఎన్నడూ తప్పు పట్టలేదు. కానీ ఆవేళ ఎందుకో గుండెలో కలుక్కుమంది. చీకట్లో ఉన్నంతసేపే మనిషికి గొంతు కావాలి, వెలుతుర్లోకొచ్చాక ఎవరి సామాను వాళ్లది. వడ్రంగికి మాత్రం తనెవరు? ఏడాదిపాటు లెక్కలూ అసైన్‌మెంట్లూ కలిసి మోసిన ఒక గడి. అతనికి తన గడి నల్లగా లేదంతే. తను మాత్రం గుండుసూది కూడా అమ్మలేని మొహం పెట్టుకుని, ఆ గొంతు వెంట మార్కెటింగ్‌లోకి పరిగెత్తడానికి సిద్ధమైంది. తన మీద తనకే చిరాకేసింది.

పైగా ఆ లిఫ్టు ఆగుతుందని ఆమెకి ముందే తెలుసు. అందులో ఒక భాగం నెల కిందటే మార్చాల్సింది. వాయిదా మీద వాయిదా వేస్తూ వచ్చారు. ఆ కుర్చీలో తనుంటే అద్దం మనిషి అసలు ఇరుక్కునేవాడే కాదు.

అన్నం డబ్బా పక్కన పెట్టి, ఫోన్ తీసి, మార్కెటింగ్ కొట్టేసి ఆపరేషన్స్ పెట్టింది. సరైన పనే చేశానని తెలుసు. తెలిసినా కళ్లల్లో నీళ్లు ఆగలేదు. పక్క సీటు అమ్మాయి కంగారు పడితే, మిరపకాయ నమిలానని చెప్పింది.

ఆదివారం ఆఖరి గ్రూపు క్లాసు.

"తిన్నారా అందరూ?" అన్నాడు వడ్రంగి. తిన్నామన్నారు. తర్వాత ఎవరిది వాళ్లు చెప్పుకున్నారు. డాక్టరమ్మాయి హెచ్ఆర్ తీసుకుంది. "నా క్లినిక్‌లో ఇద్దరే నర్సులు, ఇద్దరికీ మాటల్లేవు. ఇంతకంటే కేస్ స్టడీ ఏం కావాలి?" అంది. బ్యాంకాయనది అనలిటిక్స్. వడ్రంగిది మార్కెటింగ్, అనుకున్నదే.

"లిఫ్టు గారూ, మీరో?"

"ఆపరేషన్స్ అండీ."

చిత్రిక చప్పుడు ఆగిపోయింది. నెట్టు పోయిందేమో అనుకున్నారు మిగతావాళ్లు.

"మంచిదండీ" అన్నాడు చివరికి. "అది మీకు సరిపోయేది. ఇంకోటి తీసుకునుంటే కురచ కాలు కుర్చీలో కూర్చున్నట్టుండేది మీకు. నేనే ఒకవేళ..." అని ఆగి, "మంచిదండీ" అన్నాడు మళ్లీ.

ఆ ఒకవేళ తర్వాత ఏముందో అడగాలని అక్క ప్రాణం కొట్టుకుంది. ఈలోగా డాక్టరమ్మాయి ముక్కు చీదుకుంటూ, అందర్నీ ఉచితంగా పళ్లు చూపించుకోమని పిలిచి వెళ్లిపోయింది. బ్యాంకాయన దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు. తెర మీద రెండు గడులు మిగిలాయి.

మామూలుగా అందరికంటే ముందు వెళ్లిపోయేది అక్కే. వారమంతా లైన్ కట్ చెయ్యడానికి లేని మనిషికి, ఆదివారం నాడు అదొక్కటే విలాసం. ఇంకో కారణం కూడా ఉంది, అతని గడి మాయమవడం చూడలేకపోయేది. ఈవేళ వేలు మీట మీదే ఉంది కానీ నొక్కబుద్ధి కాలేదు. వంటింట్లో పిన్ని గిన్నెలు తోముతున్నదల్లా కుళాయి కట్టేసింది. చెవులు ఇటే పడేసిందని వేరే చెప్పాలా?

"లిఫ్టు గారూ, ఉన్నారా?"

"ఉన్నానండీ."

"ఎప్పుడూ మీరే ముందు వెళ్లిపోతారుగా."

"మా డ్యూటీలో ఒక రూలుందండీ" అంది అక్క. "లోపల మనిషి ఉండగా మేం లైన్ కట్ చెయ్యకూడదు. ఆదివారం డ్యూటీ ఉండదు కదా అని, ఇన్నాళ్లూ ముందే వెళ్లిపోయేదాన్ని."

అవతల బల్ల మీద ఏదో పనిముట్టు పెట్టిన చప్పుడు. తర్వాత కుర్చీ లాక్కున్న చప్పుడు.

"తలుపు తెరిచేశారు, అందరూ వెళ్లిపోయారు" అన్నాడు వడ్రంగి. "నేనే, ఇంకా లోపలే ఉన్నానండీ."

నేనిక్కడే ఉన్నాను అనాలి. రోజుకి ఎన్నిసార్లో, ఎంతమందికో అనే మాటే. అది నోట్లోంచి ఊడిపడితేనా! అక్క హెడ్‌సెట్ సర్దుకుంది, కళ్లు తుడుచుకుంది. ఏడాదిగా అందర్నీ అడిగే మనిషిని తిరిగి ఎవ్వరూ అడగని ప్రశ్న ఒకటుందని అప్పుడు తట్టింది.

"మీరు తిన్నారా?" అంది.

"ఇంకా లేదండీ" అన్నాడతను.