మొదటి తీగ కింది గుర్రం

నా కోతో వాద్యం మీద ఎవరైనా చెయ్యి వేస్తే నాకు ఒళ్ళు మండుతుంది. పదమూడు తీగలు, ఒక్కో తీగ కింద ఒక్కో గుర్రం. ఆ చిన్న ఆనుడు చెక్క కాస్త ఇటు జరిగితే ఒక స్వరం, అటు జరిగితే ఇంకొకటి. అందుకే నా గుర్రాలు నేనే పెట్టుకుంటాను. మా ఫుకుయామా బృందంలో నా నోటికి అందరూ జడుస్తారు, పక్కన కూర్చునే కినుయే తప్ప.

చలికాలంలో స్నానాలగదిలో జారిపడి ఎడమ మణికట్టు విరగ్గొట్టుకున్నాను. ఎముక అతికింది గానీ బలం రాలేదు. వసంత కచేరీలో చివరి పాట మధ్య అందరూ ఆగిపోతారు. అప్పుడు నేనొక్కదాన్నే ఐదో తీగని ఎడమచేత్తో గట్టిగా నొక్కి, స్వరం పెంచి మీటాలి. సాధనలో ప్రతిసారీ అది కిందికి జారింది. ఆ స్వరం కినుయేకి ఇచ్చెయ్యమని మా గురువు తకెహర సెన్సే మెల్లగా చెప్పారు. ఇవ్వనన్నాను. అదీ పోతే నేనక్కడ కూర్చోవడం దేనికి? అయినా, నా పేరెత్తి, యసుయో చెయ్యి ఆడకపోతే నువ్వే పలికించమని ఆయన కినుయేతో అనడం నా చెవిన పడనే పడింది.

కచేరీనాడు చివరి పాటకి వేదికెక్కి తీగలు సరిచూసుకుంటుంటే మొదటిది తేడాగా పలికింది. ఐదో తీగతో కలవాల్సింది, పైకి పోయింది. ఇందాక నేను మంచినీళ్ళకి వెళ్ళినప్పుడు ఎవరో గుర్రం జరిపారు. ఎవరో ఏమిటి, కోతో దగ్గరున్నది కినుయే ఒక్కతే.

"నా గుర్రం ముట్టుకున్నావా?"

"ముట్టుకున్నాను. ఈ పాటలో ఆ తీగతో నీకేం పని? నోరు మూసుకుని అలాగే ఉండనీ" అంది కినుయే.

తెర లేచింది. ఆ కోపంతోనే వాయించాను. ఆ చోటు వచ్చింది, అందరూ ఆగారు. ఓరగా పక్కకి చూశాను. నా స్వరం లాక్కోవడానికి కాచుకుని ఉంటుందనుకున్న కినుయే, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అప్పుడు వెలిగింది నా మట్టిబుర్రకి. మొదటి తీగ తప్పు పలకలేదు. ఐదో తీగని నొక్కితే రావలసిన స్వరమే అది.

అందరూ ఆగారు. కుడిచెయ్యి చాచి మొదటి తీగ మీటాను. హాలంతా నిండుగా పలికింది. కళ్ళనిండా నీళ్ళొచ్చి మిగతా తీగలు మసకబారాయి. చేతి అలవాటు మీదే పాట ముగించాను.

తెర వెనక కినుయే వేళ్ళకి తొడిగిన, తీగలు మీటే గోళ్ళు ఊడదీసుకుంటోంది. ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుని తల వంచాను.

"నా పరువు నిలబెట్టావే. ఈ మేలు చచ్చినా మరిచిపోను."

"నీ మీద ప్రేమ అనుకునేవు. నీ బదులు నేను వాయిస్తే ఏడాది పొడుగునా నీ సాధింపు ఎవరు పడతారు?" అంది. అంటూనే నా మణికట్టు పట్టుకుని నెమ్మదిగా రాస్తోంది.

గుర్రాలన్నీ తీసి పెట్టెలో సర్ది, ఆ పెట్టె ఆమె ఒళ్ళో పెట్టాను. వచ్చే కచేరీకి నువ్వే పెట్టమన్నాను. కినుయే మూత తీసి చూసి, ఒకదానికి పెచ్చు లేచిందని విసుక్కుంది.