నోవహును వెక్కిరించినవాడు

నోవహు మీద సినిమా వచ్చిందని తెలిసిన రోజే, ఒక్కరూ చూడకముందే, అందులో తప్పులున్నాయని సంఘం తీర్మానించేసింది. ఇక మిగిలింది ఆ తప్పులేమిటో కనుక్కోవడం. ఆ పని టీచరమ్మకు అప్పజెప్పారు. ముప్పై ఏళ్లుగా సండే స్కూల్లో ఓడ కథ చెబుతున్న మనిషి. నోవహు తన సొంత పెదనాన్న అయినట్టు మాట్లాడుతుంది. ఆమె తప్పంటే పాస్టరు గారు కూడా మారు మాట్లాడరు. ఆ జాబితా ఆదివారం ఆమే అందరి ముందు చదవాలి, ఆ తర్వాత సినిమా ఎత్తేయమని హాలు మేనేజరుకు ఉత్తరం పోతుంది.

టీచరమ్మ కూతుర్ని వెంటబెట్టుకుని మొదటి ఆటకే వెళ్లింది. హాలు చీకట్లో ఒక వరుస మీద ఇంకో వరుస రాస్తూ పదకొండు తప్పులు పట్టింది.

"సినిమా బాగుంది కదమ్మా" అంది కూతురు బయటికొస్తూ.

"బాగుండటం పన్నెండో తప్పు" అంది టీచరమ్మ.

శనివారం పొద్దున పాస్టరు గారు ఫోన్ చేశారు. "అమ్మా, ఆ మేనేజరు గట్టిపిండంలా ఉన్నాడు. ఏ తప్పు ఏ వచనానికి విరుద్ధమో పక్కనే రాసివ్వమన్నాడు. మీకు కంఠతా వచ్చిన కథేగా, పది నిమిషాల పని."

కంఠతా వచ్చిన కథే. కంఠతా వచ్చింది కాబట్టే ఆ అధ్యాయాలు తెరిచి చూసి చాలా ఏళ్లయింది.

వంటింటి బల్ల మీద బైబిలు ఒక పక్క, నోటుబుక్కు ఒక పక్క పెట్టుకుని కూర్చుంది. మొదటి తప్పు: ఓడలోంచి పావురాన్ని వదలాల్సింది పోయి కాకిని వదిలారు. వచనం వెతికింది. ముందు వదిలింది కాకినే, పావురం తర్వాత వెళ్లింది. టీచరమ్మ కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివింది. కాకి కదల్లేదు. రెండో తప్పు: జంతువులు రెండేసి ఎక్కాలి, వీళ్లు గొర్రెల్ని మందగా ఎక్కించారు. గొర్రెల్లాంటి పవిత్రమైనవి ఏడేసి జతలట. మూడోది: నోవహును తాగుబోతును చేశారు. తాగి గుడారంలో ఒంటి మీద బట్ట లేకుండా పడుకున్నట్టు పుస్తకంలోనే ఉంది. పిల్లలకు చెప్పేటప్పుడు ఆ ముక్క వదిలేసేది. వదిలేసి వదిలేసి తనే మర్చిపోయింది.

అన్నం వేళకు తొమ్మిది కొట్టివేతలయ్యాయి. ఒక్కటి మాత్రం నిలబడింది: ఓడలో ఏనుగుకు జలుబు చేయడం. అది పుస్తకంలో ఎక్కడా లేదు.

చివరికి పదకొండోది. ఊరంతా నోవహును చూసి నవ్వే ఘట్టాన్ని సినిమాలో పూర్తిగా ఎగరగొట్టారు. దీనికి వచనం దొరక్కపోవడమేమిటని టీచరమ్మ నాలుగు అధ్యాయాలూ మూడుసార్లు చదివింది. నవ్వినవాడు ఒక్కడూ లేడు. పుస్తకం మూసి, వాడెక్కడున్నాడో గుర్తు చేసుకుంది.

ఆ వెక్కిరించేవాడు ఆమె నాటకంలో ఉన్నాడు. ఏటా చర్చిలో ఆడే ఓడ నాటకం. ఆ పాత్ర ఇరవై రెండేళ్లు ఆమె భర్తే వేశాడు. పోస్టాఫీసు గుమాస్తా, ఇంట్లో గట్టిగా దగ్గడానికి కూడా మొహమాటపడే మనిషి, ఏడాదికి ఒక్కరోజు నడుం మీద చెయ్యేసుకుని అడిగేవాడు: "చుక్క వాన లేదు, పడవేంటి తాతా? ఇంట్లో అవ్వ పోరు పడలేకనా?" అంటూ ఓరగా టీచరమ్మ వైపు చూసేవాడు. చర్చంతా గొల్లుమనేది. ఆయన పోయి రెండేళ్లు. ఆ మాట పుస్తకంలో లేదు, ఆయనకోసం తనే రాసింది.

ఆదివారం టీచరమ్మ లేచి నిలబడింది. ఒక్కో తప్పూ చదివి, పక్కనే వచనం చదివి, "ఇది నా తప్పు" అంటూ పోయింది. పదోసారి, వెక్కిరించేవాడి దగ్గర, చదవడానికి వచనమే లేదని చెప్పి అదే మాట అంది.

ముందు వరుసలో సంఘ పెద్ద గొంతు సవరించుకున్నాడు. "అంటే, సినిమావాళ్లు బైబిలు చదివి తీశారా? ఇది మరీ మోసం."

పాస్టరు గారు తల గోక్కున్నారు. "మరైతే మన నాటకంలో ఆ వెక్కిరించేవాణ్ణి తీసేయాలి కదమ్మా."

"తీయొద్దండి" అంది టీచరమ్మ. "పుస్తకంలో లేడని నాకూ తెలుసు. నాకు కావలసినవాడు, ఉండనీయండి."

పాస్టరు గారు కాగితాలు సర్దుకుంటూ, "అలాగేనమ్మా. పోనీ ఏనుగు ఒకటి మిగిలింది. మేనేజరుకు దాని గురించన్నా రాద్దామా?" అన్నారు.

టీచరమ్మ నోటుబుక్కు మూసింది.

"వద్దులెండి. ఆ ఏనుగు వాళ్లలో ఎవరికి కావలసిందో."