మంచం కింది వేగిస

కాపురానికి వచ్చిన పదిహేనేళ్ళలో నాగజ్యోతి తమ మంచం కింద ఖాళీ చోటు చూడలేదు. భర్త లక్ష్మీనారాయణ వడ్రంగి. తెనాలిలో వాళ్ళుండే అద్దె ఇంటి పక్కనే రేకుల షెడ్డులో పని చేస్తాడు. బాగా ఆరాల్సిన చెక్కల్ని మాత్రం షెడ్డులో ఉంచడు. ఎండకు నెర్రెలు ఇస్తాయని, కొసలకు పేడ అలికి, ఇంట్లో మంచం కిందికి తోస్తాడు. కొన్ని ఏడాదికి బయటికి వస్తాయి, కొన్ని మూడేళ్ళకు. ఏది ఎప్పటిదో ఆయనకే తెలుసు. నాగజ్యోతి వాటి చుట్టూ చీపురు తిప్పుకుంటూ ఊడ్చేది.

ఆమెకు తెలిసింది పాలిష్. తలుపులకు ఉప్పుకాగితం పట్టి, గుడ్డతో పాలిష్ రుద్ది, అద్దంలా తేల్చడం ఆమె పని. ఏ చెక్క పాలిష్ బాగా పడుతుందో చూడగానే చెప్పగలదు.

అంగలకుదురులో రెండు సెంట్లు కొనుక్కుని, ఇన్నాళ్ళకు ఇల్లు మొదలుపెట్టారు. మరో పది రోజుల్లో గుమ్మం నిలబెట్టాలి. "మన గడపకి మంచం కింద గోడవైపు చెక్క ఉందిగా" అన్నాడు లక్ష్మీనారాయణ. నాగజ్యోతి వంగి చూసింది. నల్లటి చారలు, నడిమధ్య కన్నులా కోడిగుడ్డంత ముడి, రెండు కొసలా ఎండిన పేడ.

అదే వారం హైమావతి ఫోన్ చేసింది. ఆయన మేనమామ కూతురు. బాపట్లలో స్కూలు టీచరు. ఒకప్పుడు పెద్దవాళ్ళు వాళ్ళిద్దరికీ పెళ్ళి అనుకున్నారు. హైమావతి డిగ్రీలో చేరాక ఆ మాట దానంతటదే ఆగిపోయింది. ఈ సంగతి నాగజ్యోతికి పెళ్ళయిన నెలలోనే అత్తగారు చెప్పింది, అదేదో కూరలో ఉప్పు తగ్గిందన్నంత మామూలుగా.

"బావా, మా కొత్త ఇంటికి తలుపులన్నీ కాంట్రాక్టరే టేకు పెడుతున్నాడు. గడప మాత్రం నువ్వే ఇవ్వాలి. అదీ టేకేనా?"

లక్ష్మీనారాయణ రెండు చేతులా రంపం పొట్టు ఉండటంతో ఫోను స్పీకర్లో పెట్టాడు.

"టేకు తలుపుకి మంచిది హైమా. తేలిగ్గా ఉంటది, వంకర తిరగదు. నల్లమద్ది అనుకో, దూలానికి దాన్ని మించింది లేదు. కాకపోతే తొందరపడి ఆరబెట్టావా, పగులుద్ది. వేప సగం చోట్ల మెలి తిరిగి ఉంటది. గడపంటే వారం వారం నీళ్ళు తగలాలి, వచ్చేపోయే కాళ్ళు తగలాలి, చెద మాత్రం తగలకూడదు. దానికి వేగిసే. నానబెడితే నీళ్ళు టీ రంగుకి తిరుగుతాయి చూడు, ఆ చేదుకి చెద దగ్గరికి రాదు."

"అబ్బో! బావ క్లాసు చెబుతున్నాడే!" అని అవతల నవ్వింది హైమావతి. ఈయనా నవ్వాడు.

నాగజ్యోతి చేతిలో ఉప్పుకాగితం ఆగింది. పదిహేనేళ్ళుగా ఆ చెక్కల మీదే పడుకుంటోంది. ఒక్కసారైనా ఆయన తనకింత మాట చెప్పాడా? 'ఇది రుద్దు', 'అది కదపొద్దు', అంతే.

మర్నాడు ఆయన మూడేళ్ళ క్రితం కోయించిన వేగిస పలక ఒకటి బయటికి తీశాడు. తేనె రంగు. దువ్వినట్టు నిలువుగా గీతలు, ఎక్కడా మచ్చ లేదు. దాన్ని కొత్త గోనెలో చుట్టి, కొబ్బరితాడుతో కట్టి, గోడవారన నిలబెట్టాడు. నాగజ్యోతి ఆ ముడులు లెక్కపెట్టింది. ఐదు. తనకు ఈయన తెచ్చిన ఏ చీరయినా ఇంత పదిలంగా కట్టి తెచ్చాడా అనుకుంది.

శుక్రవారం ఆయన రైసుమిల్లు తలుపులు బిగించడానికి పొద్దున్నే రేపల్లె రైలెక్కాడు. పదింటికి ఫోన్.

"హైమ ట్రాలీ ఆటో పంపించింది. గోనె చుట్టింది ఇచ్చెయ్."

"ఆ, ఇస్తాలెండి."

ఫోను పెట్టేసి గోనె విప్పింది. పలక మీద అరచెయ్యి ఆనించింది. నున్నగా ఉంది. పాలిష్ పెట్టకుండానే ఇంత నున్నగా! మంచిది మరదలికి, మచ్చది పెళ్ళానికి. రేపు అంగలకుదురులో ఆడవాళ్ళొచ్చి, వడ్రంగి ఇంటి గడపకు ముడి చెక్కేంటని నవ్వరూ?

మంచం కిందికి దూరి ఆ నల్ల చెక్కను లాగింది. ఒక పట్టాన కదల్లేదు. ఇంకా తడి ఆరలేదు, అందుకే ఇంత బరువు అనుకుంది. అదీ మంచిదే, రేపు పగిలితే హైమకే తెలుస్తుంది. పేడ గీకి, తడిగుడ్డతో తుడిచి, గోనెలో చుట్టింది. అవే ఐదు ముడులు వేసింది.

ఆటో డ్రైవరు ఒక కొస ఎత్తి కింద పెట్టేశాడు. "ఏంటమ్మా ఇది, చెక్కా, రైలుపట్టా?"

"మాట్లాడకుండా పట్టు అన్నా" అని రెండో కొస తనే పట్టింది.

సాయంత్రం లక్ష్మీనారాయణ వచ్చాడు. కాళ్ళు కడుక్కుని, కండువా తీద్దామని మంచం దగ్గరికి వెళ్ళి, అక్కడే వంగి ఉండిపోయాడు.

"ఇక్కడి చెక్క ఏది?"

"హైమకు పంపాను. ఇది మనకు బాగుంటది, పాలిష్ కూడా బాగా పడుద్దని..." అని తేనె రంగు పలక చూపించింది.

ఆయన మంచమ్మీద కూర్చున్నాడు.

"అదీ వేగిసే, పన్నెండేళ్ళ నాటిది. మానుకి మొదలు దగ్గర కోత. అంతా చేవే, తెల్లచెక్క పిసరు లేదు. ఆ ముడి దగ్గర ఉలి కూడా దిగదు."

"మరి దీనికేం?"

"ఇదీ మంచిదే. పై కోత. వెనక్కి తిప్పి చూడు."

తిప్పింది. వెనకవైపు అంగుళం మందాన పాలిపోయిన తెల్లచెక్క.

"చెద తినేది ఆ తెల్లచెక్కనే. హైమ వాళ్ళ గుమ్మం వరండా లోపల, నేలంతా గచ్చు. తెల్లది చెక్కించుకుని పెట్టుకుంటే వాళ్ళకు సరిపోద్ది. మనది వీధి గుమ్మం. కాలవ పక్క నేల. వాన తిన్నగా కొడతది. అందుకే దాన్ని ఉంచాను."

"నాకొక ముక్క చెప్పొచ్చుగా!"

"మంచం కింద ఉందని చెప్పాగా" అన్నాడు. "గడపకు పాలిష్ ఎవరు వేస్తారే? పసుపు రాస్తారు గానీ."

"ఫోన్ చేసి అడగండి."

"ఇచ్చింది ఎట్టా అడిగేది? నేనడగను."

ఆదివారం హైమావతి ఇంటి గుమ్మం నిలబెట్టే ముహూర్తం. శనివారం పొద్దున్నే నాగజ్యోతి తేనె రంగు పలకను పాత దుప్పట్లో చుట్టుకుని బాపట్ల రైలెక్కింది. ముందు సీట్లో కూర్చున్న ముసలమ్మ "పాపనేమో అనుకున్నా తల్లీ" అంది.

ఇల్లు కడుతున్న చోట హైమావతి వాకిట్లో పీట వేసుకుని నల్ల చెక్క కడుగుతోంది. బేసిన్లో నీళ్ళు టీ రంగుకు తిరిగి, ఎండ పడిన అంచున నీలంగా మెరుస్తున్నాయి. పక్కనే గిన్నెలో కలిపిన పసుపు.

"రా అక్కా!" అని లేచింది. నవ్వుతోంది గానీ నవ్వు సగమే ఉంది. "చూశావా, మా బావ నాకు కన్నున్న చెక్క పంపాడు. మంచిది నీకు దాచుకున్నాడు కదూ?"

నాగజ్యోతి దుప్పటి విప్పింది. హైమావతి ముఖం వెలిగింది.

"మారిపోయింది హైమా. నీది ఇది."

అందులో అబద్ధం లేదు. ఆయన ఇవ్వమన్నది ఇదే. హైమావతి పలకను ఒళ్ళో పెట్టుకుని గీతల వెంట వేలు నడిపింది. "ఎంత బాగుంది! నేను అప్పటికీ అనుకున్నా, బావ అట్టా చెయ్యడని." ఆ మాట వింటూ నాగజ్యోతి దుప్పటి మడత పెట్టింది. నల్ల చెక్క చేతికొస్తే చాలు.

పని చేస్తున్న వడ్రంగి మేస్త్రిని పిలిచి నల్ల చెక్కను గేటు దాకా మోయమంది హైమావతి. ఆయన ఎత్తి, మళ్ళీ దింపి, వేలి కణుపుతో రెండింటినీ కొట్టి చూశాడు.

"టీచరమ్మగారూ, ఇది ఇచ్చేస్తున్నారా? తెలిసే ఇస్తున్నారా అండీ? ఇట్టాంటి చేవ ఇప్పుడు దొరకదండి."

హైమావతి నాగజ్యోతి వంక తిరిగింది. "అక్కా, మారిపోయిందా, మార్చావా?"

అప్పుడైనా ఏదో ఒకటి అల్లి చెప్పొచ్చు. కానీ మేస్త్రి చెయ్యి ఇంకా ఆ ముడి మీదే ఉంది.

"మార్చాను" అంది నాగజ్యోతి. "మచ్చ ఉందని నీకు అంటగట్టాను. మీ బావ దాన్ని మా గుమ్మానికని పన్నెండేళ్ళు దాచాడంట. నాకు తెలీదు."

హైమావతి ఒళ్ళోని పలకను తీసి నాగజ్యోతి ముందు పెట్టింది. గిన్నెలో చెయ్యి ముంచి, నల్ల చెక్క ఈ కొస నుంచి ఆ కొస దాకా, ముడి మీదుగా, పసుపు పూసింది.

"పన్నెండేళ్ళు నీకోసం దాచింది నువ్వే నాకు పంపించావు. ఇదే కావాలని నేనేం అడగలేదుగా" అంది. తర్వాత, "భోంచేసి వెళ్ళక్కా" అంది.

నాగజ్యోతి భోంచెయ్యకుండానే తేనె రంగు పలకను మళ్ళీ దుప్పట్లో చుట్టుకుంది.

పసుపు రాసిన గడపను వెనక్కి తెచ్చుకునే మాట లక్ష్మీనారాయణ ఇంట్లో ఎత్తనే లేదు. ఉన్న పలకకు తెల్లచెక్కంతా చెక్కేశాడు. అంగుళం సన్నబడింది. అడుగున తారు పూసి, ముహూర్తానికే అంగలకుదురులో నిలబెట్టాడు. వచ్చిన ఆడవాళ్ళంతా గడప ఎంత ముచ్చటగా ఉందో అన్నారు. నాగజ్యోతి ప్రతి శుక్రవారం పసుపు రాసేముందు మోకాళ్ళ మీద వంగి, కింది అంచు వెంట చెద మట్టిగీత ఏమైనా లేచిందేమోనని వేలితో తడిమి చూస్తుంది.

ఇదివరకు ఆయన బాపట్ల వెళ్ళొస్తే, మంచినీళ్ళు ఇస్తూ, "హైమ ఎట్టా ఉంది?" అని అడిగి ముఖంలోకి చూసేది. మొన్న వానాకాలం ఆయన వెళ్ళొచ్చినప్పుడు కూడా మంచినీళ్ళు ఇచ్చింది.

"గడప ఎట్టా ఉంది?" అని అడిగింది.

ఆయన గ్లాసు కింద పెట్టి, "రాయి మాదిరి ఉంది" అన్నాడు.

ఆ మాట అనేటప్పుడు ఆయన ముఖం ఎలా వెలిగిందో నాగజ్యోతి చూసింది.