అక్క కుడిచెయ్యి

పక్షవాతం వచ్చి అక్క కుడిచెయ్యి పడిపోయిన రోజునే చెల్లెలు ఒట్టు పెట్టుకుంది, ఇక ఆ చేతికి ఏ కష్టమూ రానివ్వకూడదని. మంచి ఒట్టే. కొంప ముంచింది కూడా అదే.

ఆదివారాలు ధ్యానమందిరానికి వెళ్ళడం చెల్లెలికి అలవాటు. ఎదుటివాళ్ళ బాధ మీ బాధే అనుకోండి అని అక్కడి భిక్షువు చెబితే, ఇంటికొచ్చి తు.చ. తప్పకుండా పాటించేది. ఎవరి ప్రయత్నం వాళ్ళే చెయ్యాలి, బుద్ధుడైనా దారి చూపిస్తాడే గాని మన బదులు నడవడు అని కూడా ఆ భిక్షువే చెప్పాడు. అదేమిటో, ఆ మాట మొదలయ్యేసరికి ఈవిడ అక్కకు మందులిచ్చే వేళయిందని లేచి వచ్చేసింది.

అక్క టైలరు. ఆమె చేత్తో కుట్టిన కాజాలు చూసి తోటి టైలర్లే నోరెళ్ళబెట్టేవాళ్ళు. ఆ చెయ్యి మళ్ళీ సూది పట్టాలన్నదే ఇద్దరి ఆశా. ఆస్పత్రి నుంచి పంపేటప్పుడు ఫిజియోథెరపిస్టు తినడం, దువ్వుకోవడం, గుండీలు పెట్టుకోవడం అన్నీ ఆ చేత్తోనే చేయించమన్నాడు. చెంచా పట్టుకుంటే అక్క చెయ్యి వణికి అన్నం ఒళ్ళో పడేది. చెల్లెలి ప్రాణం ఉసూరుమనేది. "ఇలా ఇవ్వక్కా, రేపటి నుంచి చేద్దువుగాని," అని తనే తినిపించేది. మర్నాడూ అదే మాట.

చాన్నాళ్ళకు ఇవాళ ఫిజియోథెరపిస్టు ఇంటికి వచ్చాడు. ముడుచుకుపోయిన వేళ్ళను ఒక్కొక్కటే విప్పబోయి ఆగాడు.

"తన పనులు తను చేసుకుంటున్నారా అమ్మా?"

"అబ్బే, ఏదీ ముట్టుకోనివ్వనండి. పువ్వుల్లో పెట్టి చూసుకుంటున్నాను," అంది చెల్లెలు గర్వంగా.

అతను ఆ వేళ్ళను మెల్లిగా దుప్పటి మీద ఆనించాడు. "చెయ్యి నేర్చుకునేదంతా మొదటి నెలల్లోనే అమ్మా. ఇప్పుడు మొదలుపెడితే కాస్తో కూస్తో రావచ్చు. సూది పట్టడం మీద మాత్రం ఆశ పెట్టుకోకండి."

అతను వెళ్ళాక చెల్లెలు మంచం పక్కన కూలబడి ఏడ్చింది. "నన్ను చేసుకోనివ్వు అని నువ్వైనా అనొచ్చు కదక్కా."

అక్కకు మాట ముద్దగా, నిదానంగా వస్తుంది. "ఆయన ఆస్పత్రిలో చెప్పింది నేనూ విన్నానే. నాకు తినిపించేటప్పుడు నీ మొహం చూశాను. అమ్మ పోయాక అంత తేటగా ఎప్పుడూ లేదు. వద్దనడానికి నోరు రాలేదు."

చెల్లెలికి ఎవరిని తిట్టుకోవాలో కూడా తెలియలేదు.

అక్క ఆ వంకర వేళ్ళతోనే స్వెటరు గుండీని కాజాలోకి నెట్టబోయింది. జారింది. మళ్ళీ నెట్టింది, మళ్ళీ జారింది. చెల్లెలు రెండు చేతులూ తొడల కింద అదిమిపెట్టుకుని కూర్చుంది. ఊరుకోవడమే ఇప్పుడు దయ అని తనకు తనే చెప్పుకుంది. అక్క నుదుట చెమట పట్టింది. చెల్లెలికి కళ్ళనీళ్ళు ఆగడం లేదు.

అక్క ఆ నీళ్ళు చూసి చెయ్యి దించేసింది.

"నావల్ల కాదులే. నువ్వు పెట్టు," అని చిన్నగా నవ్వింది.

ఆ నవ్వు ఎవరికోసమో చెల్లెలికి ఇప్పుడు తెలుసు. తెలిసి కూడా లేచి వెళ్ళి గుండీ పెట్టింది.