గొళ్లాల దొంగ

“ఎవ్వడు గూడ కదలొద్దు!” అని వార్డెన్ వీరేందర్ ఈల ఊది మరీ అరిచాడు గానీ, కదిలే ఓపిక అక్కడ ఎవరికీ లేదు. ఉదయం ఆరు గంటలు. మేడ్చల్ నుంచి శామీర్‌పేట పోయే దారిలో ఉన్న ఆ ఇంజినీరింగు కాలేజీ హాస్టల్ వరండాలో ఎనభై నలుగురు కుర్రాళ్లు లుంగీలతో, నిక్కర్లతో గోడలకు ఆనుకుని నిలబడే నిద్రపోతున్నారు.

నేరం చిన్నదేం కాదు. దసరా సెలవులు ముగించుకుని అందరూ నిన్ననే తిరిగొచ్చారు. పడుకునే ముందు తలుపు వేసుకుందామని చెయ్యి పెడితే లోపలి గొళ్లెం లేదు. ఒక్క గదిలో కాదు, నలభై రెండు గదుల్లోనూ లేదు. ఒకడు తలుపుకు బకెట్ అడ్డం పెట్టుకున్నాడు. ఒకడు మంచం అడ్డం లాక్కున్నాడు. ఇంకొకడు తలుపు పిడికీ తన కాలికీ కలిపి తువ్వాలు కట్టుకుని, తెల్లారి ఎవరో తలుపు తీయగానే మంచం మీంచి కింద పడ్డాడు.

“నాలుగింటికి ప్రిన్సిపాల్ సార్ వస్తుండు. గా లోపట దొంగ దొరకాలె. దొరికినోడు హాస్టల్ కెల్లి బయటికి, కాలేజీ కెల్లి గూడ బయటికి!”

వీరేందర్‌కు ఒక అడుగు వెనక పనిపెట్టె పట్టుకుని నిలబడ్డవాడు హాస్టల్ వడ్రంగి సిద్దిరాములు. యాభై ఏడేళ్లు. కుడి బొటనవేలి గోరు సుత్తి దెబ్బకు శాశ్వతంగా నల్లబడింది. కనుబొమల్లో ఎప్పుడూ రంపపు పొట్టు. కుర్రతనంలో జీడిమెట్లలో యంత్రాలకు చెక్కపెట్టెలు చేసేవాడు, పద్నాలుగేళ్లుగా ఇక్కడ బల్లలూ తలుపులూ చూస్తున్నాడు. ఏటా గ్రూపు ఫోటోకు కుర్చీలు మోసేది అతనే. ఒక్క ఫోటోలోనూ అతను లేడు.

“సిద్దిరాములూ, సెలవుల్ల హాస్టల్ల నువ్వొక్కనివే ఉన్నవ్ గదా?”

“అవు సార్. నేనొక్కన్నే.”

“బయటోళ్లు ఎవరన్న వచ్చిండ్రా?”

“ఎవ్వలు రాలే సార్.”

వీరేందర్ గడ్డం గోక్కుని తీవ్రంగా ఆలోచించాడు. “అంటే దొంగ మస్తు తెలివైనోడు. నీ కండ్ల ముంగటనే పనిజేసిండు, నీకే తెల్వలే! ఇయ్యాల నా యెంట ఉండు. గీ కేసుల నువ్వే నా కుడి చెయ్యి.”

సిద్దిరాములు తలూపాడు. అతను ఒక్క అబద్ధమూ ఆడలేదు. నలభై రెండు గొళ్లాలూ విప్పింది అతనే. ‘నువ్వేనా?’ అని అడిగితే చెప్పేసేవాడే. అడగరని మాత్రం అనుకోలేదు.

దర్యాప్తు మొదలైంది. మొదటి ఆధారం స్నానాల గదుల దగ్గర దొరికింది. అక్కడి గొళ్లాలన్నీ క్షేమం.

“దొంగకు మర్యాద ఉంది,” అని వీరేందర్ నోట్‌బుక్కులో రాసుకున్నాడు. “మంచి ఇంటి పిలగాడు.”

రెండో ఆధారం దగ్గర అతని బుర్ర ఆగిపోయింది. గొళ్లెం ఊడదీసిన చోట నాలుగు మర బొక్కలు కనిపించాలి. లేవు. దొంగ ఆ బొక్కల్ని లప్పం పెట్టి పూడ్చి, గరుకు కాగితంతో నున్నగా రుద్ది, తలుపు రంగే పైన వేసిపోయాడు.

సిద్దిరాములు కళ్లు దించుకున్నాడు. సెలవుల్లో గొళ్లాలు విప్పేటప్పుడు తనకు తాను ఎన్నిసార్లో చెప్పుకున్నాడు, దొంగపని చేస్తున్నాం, విప్పి వెళ్లిపోవాలి అని. కానీ తలుపుకు బొక్కలు అట్లాగే వదిలేసి పోవడానికి చేతులు ఒప్పుకోలేదు.

చాయ్ తెచ్చిన మెస్సు వంటమనిషి ఈదమ్మ ఆ నునుపు మీద బొటనవేలు రాసి చూసింది. వీరేందర్ అటు తిరగగానే గొంతు తగ్గించింది.

“అన్నా, గీ దొంగ దొంగతనానికొచ్చిండా, పెండ్లికి ఇల్లు సదురనీకొచ్చిండా?”

“ఊకో ఈదమ్మా.”

“నేనేమన్న? నేనేమనలే.” గ్లాసు చేతికిచ్చింది. “ఇంకో చెంచ శక్కెర ఎక్వ ఏసిన, తాగు. జైలుల శక్కెర ఏస్తరో ఎయ్యరో.”

తొమ్మిదింటికి వీరేందర్ వడ్రంగి షెడ్డులో విచారణ పెట్టాడు. స్టాంపు ప్యాడు తెప్పించి ఎనభై నలుగురి వేలిముద్రలూ తీసుకున్నాడు. వాటిని దేనితో పోల్చాలో అతనికీ తెలియదు. కూర్చోవడానికి కుర్చీ లేక గోనెసంచి మీద కూర్చున్నాడు.

“ఏందయ్యా ఇది, ఒకటే గుచ్చుకుంటాంది?”

“ఇనుప సామాన్ సార్,” అన్నాడు సిద్దిరాములు. అదీ నిజమే. నలభై రెండూ అందులోనే ఉన్నాయి, నూనె రాసి మరీ.

పదకొండింటికి కేసు హఠాత్తుగా మలుపు తిరిగింది. రెండో అంతస్తు శామ్యూల్ సంచిలో స్క్రూడ్రైవర్ దొరికింది. మూడో సంవత్సరం కుర్రాడు, ఆ అంతస్తు బ్యాచ్‌కు పెద్ద. చర్చిలో కీబోర్డు విప్పి బాగుచేయడానికి తెచ్చుకున్నానన్నాడు. అంతటితో ఊరుకుంటే బాగుండేది.

“నేను తియ్యలే సార్. కానీ తీసినోడు కనిపిస్తే కాళ్లు మొక్కుత.”

“దొరికిండు!” అని వీరేందర్ నోట్‌బుక్కు మూసేశాడు.

సిద్దిరాములు చేతిలోని స్టాంపు ప్యాడు కిందపడింది. తన ఉద్యోగం పోతుందని లెక్క వేసుకున్నాడు. ఇంట్లో భార్య శంకరమ్మకు ఏం చెప్పాలో కూడా ఆలోచించి పెట్టుకున్నాడు. ఈ పిల్లవాడి చదువు పోతుందన్నది మాత్రం ఆ లెక్కలో లేదు.

కాళ్లు మొక్కుతానని శామ్యూల్ ఎందుకన్నాడో అతనికి తెలుసు. శామ్యూల్ గదిలోనే నిరుడు భానుప్రకాశ్ ఉండేవాడు. ఆ బ్యాచ్ మొత్తాన్నీ నవ్వించేవాడు. మెస్సులో వరసగా పదకొండు రోజులు దొండకాయ వండితే, పన్నెండో రోజు దొండకాయకు శాలువా కప్పి సన్మానం చేశాడు. తరగతి ఎగ్గొట్టి షెడ్డుకొచ్చి చెక్కల మీద కూర్చునేవాడు. “కాకా, గీ బల్ల జర కుంటుతాంది. మా ఫిజిక్స్ సార్ తమ్ముడా?” అనేవాడు. “తిన్నవా కాకా?” అని రోజూ అడిగిన మనిషి పద్నాలుగేళ్లలో వాడొక్కడే.

ఒక సాయంత్రం తలుపు వేసుకున్నాడు. శామ్యూల్ తట్టి “తిన్నవారా?” అంటే “తిన్నరా, పో” అని లోపలినుంచే జవాబిచ్చాడు. మళ్లీ తట్టినప్పుడు జవాబు రాలేదు. పరుగెత్తుకొచ్చి గడ్డపార వేసింది సిద్దిరాములే. తలుపు వంగింది గానీ గొళ్లెం వంగలేదు. రెండంగుళాల మరలు వేసి, కుర్రాళ్లు ఎంత గుంజినా ఊడకూడదని తన చేతులతో బిగించిన గొళ్లెం అది. ఇరవై నిమిషాలు పట్టింది. అప్పటికే ఆలస్యమైపోయింది. ఏం మాట్లాడాలో తోచని వీరేందర్ ఆ రోజు అతని భుజం తట్టి, “ఏం గట్టిగ బిగించినవయ్యా,” అన్నాడు.

ఆ తర్వాత బ్యాచ్ కుర్రాళ్లు ఒక ఆచారం పెట్టుకున్నారు. రోజూ భోజనాలయ్యాక వంతులవారీగా ఒకడు ప్రతి తలుపూ తట్టి “తిన్నవారా?” అని అడగాలి. దానికి ‘హాజరు’ అని పేరు. ‘ఆ’ అంటే చెల్లదు. తలుపు తీసి, ముఖం చూపించి, ఏం కూరతో తిన్నాడో చెప్పాలి. భానుప్రకాశ్ కోసమని దొండకాయ రోజు మాత్రం లేచి నిలబడి చెప్పాలి. అందరూ నవ్వేవాళ్లు. కానీ బద్ధకించి గొళ్లెం తీయకుండానే లోపలినుంచి “తిన్న” అనేవాళ్లూ ఉన్నారు. ఆ మాట వరండాలోకి వినపడ్డప్పుడల్లా సిద్దిరాములు చేతిలో పని ఆగిపోయేది. బయటినుంచి తాళంచెవితో తెరిచే రకం పెట్టిద్దామని ఆఫీసులో అడిగాడు. “చూద్దాం” అన్నారు. ఆ చూద్దాంకు పది నెలలు నిండాయి.

నాలుగింటికి వరండాలో బల్ల వేశారు. ప్రిన్సిపాల్ వచ్చి కూర్చున్నాడు. వీరేందర్ నివేదిక చదివాడు. మర్యాద, లప్పం, వేలిముద్రలు, స్క్రూడ్రైవర్. చివర్లో పేరు రాయాల్సిన చోటు ఖాళీగా ఉంచి, అందరి ముందూ రాద్దామని పెన్ను తీశాడు. పెన్ను రాయలేదు. విదిలించాడు. ప్రిన్సిపాల్ చొక్కా మీద రెండు చుక్కలు పడ్డాయి గానీ కాగితం మీద గీత పడలేదు.

“ఆగుండ్రి సార్,” అన్నాడు సిద్దిరాములు.

“నువ్వుండవయ్యా, పెన్ను జూస్తున్న గదా!”

“పెన్ను గురించి గాదు. గా పిలగాడు తియ్యలే.”

ఎనభై నలుగురూ ఒక్కసారి నేల చూపులు చూశారు. ఎవరి ముఖంలోనూ ఆశ్చర్యం లేదు. సిద్దిరాములుకు అప్పుడు అర్థమైంది. లప్పం సంగతి టిఫిన్ల వేళకే హాస్టల్ అంతా పాకిపోయింది. ఆ నునుపు ఎవరి చేతిదో వీళ్లందరికీ తెలుసు. వేలిముద్రలకు వరసలో నిలబడి, తిట్లు తిని, ఒక్కడూ నోరు విప్పలేదు. శామ్యూల్ వద్దన్నట్టు తల అడ్డంగా ఊపుతున్నాడు.

“కాకా, నువ్వు ఊకో. నేను పోత తీ.”

“నువ్వు యాడికి పోతవ్ బిడ్డా? రేపు హాజరు నీ వంతు.”

ప్రిన్సిపాల్ కళ్లద్దాలు సవరించుకున్నాడు. “ఎవరు తీశారో నీకు తెలుసా? తెలిస్తే సూటిగా చెప్పు.”

పద్నాలుగేళ్లలో మొదటిసారి అతన్ని ఒకరు సూటిగా అడిగారు.

“తెలుసు సార్. గొళ్లాలు కావాలంటే ఇస్త, సంచిల ఉన్నయి. గని మళ్ల నా చేతులతోని బిగియ్య. బయటి కెల్లి తీసేటివి తెప్పియ్యుండ్రి. గా దినం గడ్డపార పట్టుకొని ఇరవై నిమిషాలు నిలవడ్డ. లోపట పిలగాడు, బయట నేను, నడుమల నా పనితనం.” చెవి సందు నుంచి పెన్సిల్ తీసి వీరేందర్ ముందు పెట్టాడు. “రాసుకోండ్రి సార్. బిగించినోడే తీసిండు. వడ్ల సిద్దిరాములు.”

రేపటినుంచి రావద్దని ఎవరైనా చెప్పేలోగా అతను మెట్లు దిగి గేటు వైపు నడిచాడు. వీరేందర్ రాయడానికి చెయ్యి చాపాడు గానీ పెన్సిల్ ముట్టుకోలేదు. ఖాళీ గీత పక్కన అది అట్లాగే పడి ఉంది. ఉలితో చెక్కిన మొన, వెనక పంటిగాట్లు, ఒంటినిండా సన్నటి చెక్కపొడి.