చివరి మాట ‘ఊఁ’

నాటకంలో చివరి మాట ‘ఊఁ’. ఆ ఒక్క మాట మాత్రం రిహార్సల్లో పలకకూడదని, అందరూ ‘డైరెక్’ అని పిలిచే డైరెక్టర్ బెనిల్డా ఆజ్ఞ. ముందే పలికితే నాటకానికి అరిష్టమట. అంచేత రెండు నెలలుగా నాయకుడు రోడెల్ మోకాళ్ల మీద కూర్చుని పాటంతా పాడి ‘నన్ను ప్రేమిస్తావా?’ అని అడగడం, నాయిక ఇసాయ్ నోరు మూసుకుని తలూపడం, చుట్టూ ఉన్నవాళ్లంతా ‘అయ్యీ...’ అని మురిసిపోతూ గోల పెట్టడం జరుగుతూ వచ్చింది.

ఆ గోల నాటకంతో ఆగితే బాగుండేది. ఫిలిప్పీన్స్‌లోని ఆ కాలేజీ ఊరు లాస్ బాన్యోస్‌లో ఇద్దర్ని జత కట్టడానికి పెళ్లిళ్ల పేరయ్యలు అక్కర్లేదు, పనిలేని స్నేహితులు పదిమంది చాలు. క్యాంటీన్లో ఇసాయ్ పక్క కుర్చీ ఖాళీ అయితే రోడెల్‌ని తోసుకొచ్చి కూర్చోబెట్టేవారు. వానొస్తే గొడుగులన్నీ దాచేసి ఇద్దరికీ ఒక్కటే మిగిల్చేవారు. రోడెల్ కూడా వద్దనలేదు. ఆమె జీప్‌నీ బస్సు ఎక్కేదాకా నిలబడేవాడు. గేటు దగ్గర చేప ఉండలు కొని, పుల్లకి గుచ్చి, ఊదిమరీ తినిపించేవాడు.

“మీ ఇద్దరిదీ ఏంటే?” అని స్నేహితురాలు మేరిబెల్ అడిగితే, ఇసాయ్ తల దించుకుని “ఎమ్‌యూ” అనేది.

ఎమ్‌యూ అంటే మ్యూచువల్ అండర్‌స్టాండింగ్. వాడు అడగలేదు, ఈమె ఊఁ అనలేదు, అయినా ఇద్దరికీ తెలుసని ఊరందరికీ తెలుసు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. అయినా ఇసాయ్ నమ్మింది. వాడు అడిగే రోజు కోసం ఎదురుచూసింది.

నాటకానికి ముందురోజు, గౌను నడుం బిగించి కుడుతూ మేరిబెల్ చెప్పింది.

“రోడెల్ గాడు జెరలీన్ వాళ్లింటికెళ్లి, వాళ్ల నాన్న ఎదుటే దాన్ని అడిగాడటే. అది ఊఁ అందట.”

జెరలీన్ అంటే ఈ నాటకానికి లైట్లు వేసే అమ్మాయి.

“ఓహో,” అంది ఇసాయ్.

“ఓహో ఏంటే? కనీసం ఏడువ్!”

“ఏమని ఏడవను? విడిపోయామనా? కలిసిందెప్పుడు?”

ఇసాయ్‌కి నిజంగానే ఏమీ అనిపించడం లేదు. మడతేసి కూర్చున్న కాలు తిమ్మిరెక్కినట్టు లోపలంతా మొద్దుబారిపోయింది. సూది పొరపాటున నడుంలో గుచ్చుకుంటే మేరిబెలే ‘అమ్మో’ అంది.

సాయంత్రం రోడెల్ తనే వచ్చాడు.

“ఇసాయ్, మన మధ్య ఏం లేదు కదా? నేనెప్పుడూ అడగలేదు కదా?”

“అడగలేదు.”

“హమ్మయ్య! నువ్వు ఫీలవుతావేమో అని భయపడి చచ్చా. మరి రేపు ఊఁ అంటావుగా?”

“స్క్రిప్టులో ఉందిగా.”

కానీ అనగలదో లేదో ఆమెకే తెలియదు. ఆ మాట వాడి కోసం దాచుకున్నది. అనకపోతే బ్యాండు మొదలవదు, తెర పడదు, అందరి కష్టమూ గంగలో కలుస్తుంది. అంటే, ఉన్న ఒక్క ఊఁ అబద్ధానికి ఖర్చయిపోతుంది.

శనివారం మధ్యాహ్నం హాలు కిటకిటలాడింది. ఇసాయ్ తప్పు లేకుండా పాడింది. నవ్వమన్న చోట నవ్వింది. చివరికి రోడెల్ మోకాళ్ల మీద కూర్చున్నాడు. జెరలీన్ వేసిన వెలుతురు వచ్చి ఇసాయ్ ముఖం మీద పడింది.

“నన్ను ప్రేమిస్తావా?”

బ్యాండువాళ్లు చేతులెత్తి ఆగారు. పక్కన డైరెక్ జపమాల పట్టుకుని పెదాలు కదుపుతోంది. రోడెల్ నుదుటి మీద చెమట పట్టింది. వాడి కళ్లలో బతిమాలడం తప్ప ఇంకేమీ లేదు. ఇసాయ్ చాలాసేపు అలాగే చూసింది.

“ఊఁ,” అంది.

హాలు దద్దరిల్లింది. బ్యాండు మోగింది. తెర పడింది.

“చంపేశావే తల్లీ!” అన్నాడు రోడెల్ లేస్తూ. “అంతసేపా? నా గుండె ఆగిపోయింది.”

“రోడెల్, నువ్వు అడిగావు. నేను ఊఁ అన్నాను. హాలంతా విన్నారు.”

“అది నాటకం కదే.”

“నువ్వు నన్ను అడిగింది అక్కడొక్కచోటే. కాబట్టి ఇప్పుడు మనం జంట.”

వాడు తెల్లమొహం వేశాడు.

“భయపడకు,” అంది ఇసాయ్. “ఇప్పుడు విడిపోదాం. ‘నిన్ను వదిలేశాను’ అను.”

“ఇసాయ్...”

“అనరా. నాకు కావాలి.”

రోడెల్ తెర వైపు చూశాడు, నేల వైపు చూశాడు.

“వదిలేశాను,” అన్నాడు గొణుగుతూ.

“సరే,” అంది ఇసాయ్.

అంతలో దండాల కోసం తెర మళ్లీ లేచింది. ఇద్దరూ చేతులు పట్టుకుని వంగారు. వంగిన ఇసాయ్ లేచేసరికి ఆమెకు ఏడుపొచ్చింది. ఆపుదామనుకోలేదు. ప్రేమించినవాడు వదిలేస్తే లోకంలో ఆడపిల్లలందరూ ఏడ్చినట్టే నోరు వంకరపోయేలా, ముక్కు కారేలా ఏడ్చింది.

నాయిక ఆనందబాష్పాలు చూసి హాలంతా లేచి నిలబడి, “అయ్యీ...” అని అరిచింది.