గురవమ్మ పగటి కునుకు

ఉడకబెట్టిన వడ్లు వాకిట్లో ఆరబోసి, కాకులు వాలకుండా అత్తగారిని పీట మీద కాపలా కూర్చోబెట్టి, ప్రమీలమ్మ దొడ్లోకి పోయి దాలి మీద పాలు పెట్టి వచ్చింది. వచ్చేసరికి ఆదిశేషమ్మ కర్ర ఒళ్లో పెట్టుకుని కునుకు తీస్తోంది. ఆమె నీడ పీట దగ్గర లేదు. వడ్ల చుట్టూ ఒంటికాలి మీద గెంతుతోంది. ఎనిమిదేళ్ల పిల్ల నీడ. పిక్కల దాకా పావడా, రెండు జడలు.

"అత్తా, కాకులు!"

ఆదిశేషమ్మ ఉలిక్కిపడి కర్ర ఆడించింది. నీడ గెంతడం మానేసి, పీట దగ్గరికి వచ్చి, తనూ ఒక చిన్న కర్ర ఆడించింది.

ఆ ఊళ్లోనే కాదు, తోటపల్లి గూడూరు మొదలుకుని సముద్రం దాకా ఉన్న ఊళ్లన్నిట్లోనూ, అటు కొడవలూరు వైపూ అంతే. ఆడపిల్లకి ఓణీ వేసిన రోజుతో నీడ పెరగడం ఆగిపోతుంది. ఓణీ లేకుండా నేరుగా చీరే కడితే ఆ రోజుతో. తర్వాత మనిషి పెరుగుతుంది, పెళ్లవుతుంది, పిల్లల్ని కంటుంది, జుట్టు నెరుస్తుంది. నీడ మాత్రం ఆనాటి పావడాలోనే ఉంటుంది. మెలకువగా ఉన్నంతసేపూ మనిషి ఎటు కదిలితే అటు కదులుతుంది. పగటిపూట మనిషికి కన్ను మూతపడితే దాని దారి దానిది. ఎండ ఉన్న మేరా తిరిగి, మనిషి లేవగానే వచ్చేస్తుంది. ఉప్పుటేరుకు పోటు వచ్చినట్టు అదీ ఒకటి. దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడుకోరు.

ఆదిశేషమ్మకి ఎనిమిదేళ్లకి చీర కట్టారు. ప్రమీలమ్మకి పన్నెండేళ్లకి ఓణీ వేశారు. ప్రమీలమ్మ కూతురు పెంచలకి ఇప్పుడు పదమూడు. ఇంకా ఓణీ వేయలేదు.

పెంచల ఏపుగా పెరిగింది. నిరుడు వాళ్ల నాయన కామాక్షయ్య ముచ్చటపడి నెల్లూరు నుంచి పూల గౌను తెచ్చినాడు. పెంచల అది వేసుకుని శెట్టి అంగడికి పోయి ఉప్పు తెచ్చేలోపలే ఊరు ఊరంతా మాట్లాడింది. ఇంత పొడుగు పిల్లకి మోకాళ్లు కనపడే గౌనేంది అని ఒకరు, తల్లికైనా బుద్ధి ఉండాలి అని ఒకరు. గౌను పెట్టెలోకి పోయింది. మళ్లీ పావడాలే వచ్చినాయి. అవీ నెలకొక మడత విప్పాల్సి వచ్చేది.

చైనా యుద్ధం అయిన మరుసటి ఎండాకాలం అది. ఎనిమిదో తరగతి పరీక్షలు అయిపోయి పెంచల ఇంట్లోనే ఉంది. ఆ మధ్యాహ్నం బట్టల మూట వేసుకుని సైకిల్ మీద చోటే సాహెబ్ వచ్చినాడు. అరుగు మీద దుప్పటి పరిచి, అన్నిటికన్నా పైన ఉన్న గులాబీరంగు నైలాన్ ఓణీ తీసి గాల్లో విదిలించినాడు. ఓణీ అవతల నిలబడిన ఆవు ఆవులాగే కనిపించింది.

"నెల్లూరులో హైస్కూలు పిల్లలంతా ఇవే కడతా ఉండారమ్మా. ఉతికితే క్షణంలో ఆరిపోద్ది" అన్నాడు సాహెబ్.

పెంచల ఓణీ అంచు పట్టుకుని వదల్లేదు. ఆదిశేషమ్మ కళ్లు చికిలించి చూసింది.

"ఇది కట్టుకున్నా ఒకటే, కట్టుకోకపోయినా ఒకటే. ఓణీ వేయాల్సిందే, నేను కాదన్ను. మంచి ముతక నూలుది చూడు సాహెబూ."

"ముసలోళ్లు కట్టేది నాకొద్దు" అంది పెంచల.

"ఏదీ వద్దు. సర్దుకో సాహెబన్నా" అంది ప్రమీలమ్మ.

చోటే సాహెబ్ నొచ్చుకోలేదు. మూట కట్టుకుంటూ, "మా పిల్ల షాజాదీతో కూడా ఇదే పేచీ. వాళ్ల నానమ్మ బురఖా అంటది. ఇది నైలాన్ దుపట్టా అంటది. బట్టలమ్మేవాడి ఇంట్లో బట్టకే తగాదా" అన్నాడు.

అతను పోయాక పెంచల గుంజకి ఆనుకుని నిలబడింది.

"గౌనేస్తే ఇంత పెద్దదానివి అంటారు. ఓణీ అడిగితే నువ్వింకా చిన్నదానివి అంటారు. నేనేం కట్టుకోవాలో మీరంతా కూర్చుని ఒక మాట అనుకోండి. అదే కట్టుకుంటా."

"ఓణీ వేస్తే నీడ ఆగిపోతుంది మే" అంది ప్రమీలమ్మ.

"ఆగితే ఆగనీ. నీడకేమన్నా పూలు పెడతామా, జడ వేస్తామా?"

తన నీడ పన్నెండేళ్ల దగ్గర ఆగినందువల్ల తనకి జరిగిన నష్టం ఇదీ అని వేలు పెట్టి చూపించడానికి ప్రమీలమ్మకి ఏమీ కనపడలేదు. వంటింట్లోకి పోయింది.

సాయంత్రం కామాక్షయ్య అన్నానికి కూర్చుని కబురు చెప్పినాడు. కొడవలూరు ముత్యాలయ్య కుటుంబం పెంచలను ఎవరి పెళ్లిలోనో చూసింది. వాళ్లబ్బాయి నెల్లూరులో కాలేజీలో చదువుతున్నాడు. కాలవ కింద మంచి పొలం. గురువారం ముత్యాలయ్య భార్య గురవమ్మ వచ్చి, తన చేత్తో పిల్లకి ఓణీ వేస్తానంది. ఆ వైపు ఆచారంలో ఓణీ వేసినామె ఆ పిల్లను కోడలిగా ఒప్పుకున్నట్టే. పెళ్లి వైశాఖంలో పెట్టుకోవచ్చు.

"ఇది ఇప్పుడేగా ఎనిమిది రాసింది. తొమ్మిదిలో చేరొద్దా?" అంది ప్రమీలమ్మ.

"చేరి ఏం చేస్తుంది? ఎట్టాగూ ఓణీ కావాలని అదే గోల పెడతా ఉండాదంట గదా. ఇంకేంది?"

"నాకు ఎనిమిదేళ్లకే చీర కట్టినారు. నేనేమన్నా చెడిపోయినానా?" అని ఆదిశేషమ్మ చెయ్యి ఆడించింది. దీపం వెలుగులో గోడ మీద చిన్నపిల్ల కూడా అట్టనే చెయ్యి ఆడించింది.

ఆ తర్వాత మూడు రోజులూ ఇంట్లో వాదన జరుగుతూనే ఉంది. గురవమ్మ తెచ్చేది నూలు ఓణీనా, పట్టు ఓణీనా. జాకెట్టుకి బుట్టచేతులు పెట్టించాలా, మామూలు చేతులా. వీపు ఎంత మూయాలి. ఎంత వయసుకి అన్న మాట మాత్రం వాదనలోకి రాలేదు. ప్రమీలమ్మ ఒకసారి ఆ మాట ఎత్తితే కామాక్షయ్య "ఊరందరికీ ఎప్పుడో అప్పుడే" అన్నాడు.

బుధవారం నాడు గురవమ్మను ఎరిగినామె ఒకతె చెప్పింది. ఆమె చాలా గట్టి మనిషి, పగలు నడుం వాల్చి ఎరగదు, ఇంట్లో ఎవరినీ వాల్చనివ్వదు అని. ప్రమీలమ్మ ఆ మాట మనసులో పెట్టుకుంది. మర్నాడు పొద్దున్నే లేచి కొరమీన్లు తెప్పించి, పచ్చి మామిడికాయ వేసి పులుసు పెట్టింది. గడ్డపెరుగు తోడేసి ఉంచింది.

గురవమ్మ, ముత్యాలయ్య రెండు బస్సులు మారి, చివరి మైలు కామాక్షయ్య బండిలో వచ్చి దిగేసరికి పదకొండు దాటింది. గురవమ్మ పొడుగ్గా ఉంది. మాట తక్కువ. తెచ్చిన ఓణీ తీసి పళ్లెంలో పెట్టింది. వెంకటగిరి నేత, మామిడి చిగురు రంగు. పెంచల దాన్ని చూసి మొహం అటు తిప్పుకుంది.

"వర్జ్యం పోయినాక వేస్తాను. నాలుగు కావాలి" అంది గురవమ్మ.

ప్రమీలమ్మ ఆమెకి పులుసు మూడుసార్లు వడ్డించింది. పెరుగన్నంలో ఊరగాయ మారు వేసింది. భోజనాలయ్యాక మగవాళ్లు పొలం చూడ్డానికి పోయినారు. ప్రమీలమ్మ పడమటి అరుగు మీద చాప పరిచి దిండు పెట్టింది.

"కాసేపు వాలండి వదినా."

"నాకు అలవాటు లేదమ్మా" అని గురవమ్మ స్తంభానికి ఆనుకుని కూర్చుంది. ప్రమీలమ్మ విసనకర్ర తీసుకుని పక్కన కూర్చుంది. అదే పనిగా, ఊయల ఊపినట్టు విసిరింది. సముద్రపు గాలి కూడా దొడ్డి వైపు నుంచి మొదలైంది. అవతల ఆదిశేషమ్మ గుర్రు పెడుతోంది. కాసేపటికి గురవమ్మ తల స్తంభం మీంచి జారి దిండు మీద ఆగింది.

ఆమె నీడ గోడ మీద కొంతసేపు కదలకుండా కూర్చుంది. చాలా ఏళ్లుగా బయటికి పోని నీడ. పోవచ్చో లేదో తెలియనట్టు అటూ ఇటూ చూసింది. తర్వాత గోడ దిగి, మెట్లు దిగి, వాకిట్లోకి నడిచింది. తొమ్మిదేళ్లుంటాయేమో. బక్కపిల్ల. పావడా ఒక పక్క పైకి దోపుకుని ఉంది. అప్పటికే అక్కడ గెంతుతున్న ఆదిశేషమ్మ నీడ ఆగి ఆ బక్కపిల్లను చూసింది. ఇద్దరూ ఏమనుకున్నారో, తొక్కుడుబిళ్ల మొదలుపెట్టారు.

ప్రమీలమ్మ విసనకర్ర కింద పెట్టింది.

గురవమ్మ కళ్లు తెరిచేసరికి ఎండ అరుగంతా పరుచుకుంది. గబగబా లేచి కూర్చుని పైట సర్దుకుంది. వాకిట్లోకి చూసి, "రెండోది ఎవురిది?" అంది.

"మీదే వదినా."

"నాదా?"

గురవమ్మ కాళ్ల దగ్గర చూసుకుంది. ఏమీ లేదు. లేచి నిలబడింది. మనిషి లేస్తే నీడ రావాలి. అది రాలేదు. వంగి బిళ్ల తీసుకుంటోంది.

"కాలవ గట్టు మీద ఆడతా ఉంటే పిలిచినారు" అంది గురవమ్మ దాన్నే చూస్తూ. "నా వంతు అప్పుడే వచ్చింది. ఒక్క ఆట ఆడి వస్తానన్నా. మా పెద్దమ్మ రెక్క పట్టుకుని తీసుకుపోయి చీర కట్టింది. అంత పెద్ద చీర, కుచ్చెళ్లు ఎక్కడ దోపాలో వాళ్లకే తెలీలేదు."



మగవాళ్లు తిరిగొచ్చిన అలికిడికి ఆదిశేషమ్మ లేచింది; ఆమె నీడ ఆమె దగ్గరికి వచ్చేసింది, గురవమ్మది మాత్రం వాకిట్లోనే ఆడుతోంది. కామాక్షయ్య ఎండ వైపు చూసి, నాలుగు దాటింది అన్నాడు. పెంచలను పిలిచినారు. పెంచల తలంటుకుని, కొత్త పావడా కట్టుకుని వచ్చి అరుగు చివర నిలబడింది. పడమటి ఎండ మొహాన కొడుతోంది. వెనక సున్నం గోడ మీద ఆమె నీడ ఆమె అంత ఉంది. ఆమె పక్కకి తిరిగితే తిరిగింది, జడ ముందుకు వేసుకుంటే వేసుకుంది.

గురవమ్మ ఓణీ మడత విప్పి చేతిలో పట్టుకుంది. గోడ వైపు చూసింది. వాకిట్లోకి చూసింది. మళ్లీ గోడ వైపు చూసింది.

"ఏం చదువుతా ఉండావు?"

"ఎనిమిది అయిపోయింది."

"తొమ్మిది చదువుతావా?"

పెంచల నాయన వైపు చూసింది. "పంపిస్తే చదువుతాను."

"ఈ ఓణీ నీకు ఇష్టమేనా? నిజం చెప్పు."

"ఇది కాదు. నైలాన్‌ది కావాలి."

"మే!" అని ఆదిశేషమ్మ అరిచింది. గురవమ్మకి నవ్వొచ్చింది. వచ్చిన దగ్గర్నుంచి ఆమె నవ్వడం అదే మొదలు.

"ఆ వయసులో నాకు చక్రాల గాజులు కావాలని ఉండేది. కావాలన్నదానికల్లా తలొంచితే ఎట్టా, వద్దన్నదానికల్లా రెక్క పట్టుకుంటే ఎట్టా" అంటూ ఓణీని మళ్లీ నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది. "నేను వేయను. వేస్తే అది ఇక్కడే ఆగిపోద్ది. నా చేత్తో ఆపినట్టవుద్ది. ఇంకో నాలుగేళ్లు పోనీండి. అప్పటికి మావాడు కుదిరితే కుదిరినట్టు, లేకపోతే లేదు."

ముత్యాలయ్య తెల్లబోయినాడు. "ఏంది నువ్వు? వాళ్లకి మాట ఇచ్చి..."

"ఇచ్చింది నేనే గదా. నేనే తీసుకుంటా ఉండా."

కామాక్షయ్య పై గుడ్డ తీసి దులిపి మళ్లీ భుజాన వేసుకున్నాడు.

"బస్సుకి టైమైపోతోంది, లే" అన్నాడు ముత్యాలయ్య.

"నా నీడ రాలేదు ఇంకా. ఆట కానీ" అని గురవమ్మ మెట్టు మీద కూర్చుంది.

ఆ బస్సు పోయింది. ఎండ వాకిలి దాటి పాక మీదికెక్కేదాకా ఆమె అక్కడే కూర్చుని చూసింది. ప్రమీలమ్మ గడప మీద కూర్చుని కళ్లు మూసుకుంది. నిద్ర రాలేదు కానీ తెరవలేదు. తన కాళ్ల దగ్గర్నుంచి ఏదో మెల్లగా వదులైనట్టు తెలిసింది. అది పోయి ఆడిందో లేదో ఆమె చూడలేదు.

ఆ పూట అందరికన్నా ఎక్కువ ఏడ్చింది పెంచలే. నైలాన్‌దీ రాలేదు, నూలుదీ రాలేదు. ఎవరు పిలిచినా అన్నానికి లేవలేదు. కామాక్షయ్య నెల రోజులు భార్యతో సరిగ్గా మాట్లాడలేదు. జూన్‌లో బడి తెరిచినప్పుడు, ఇంట్లో ఊరికే కూర్చోబెట్టి ఏం చేస్తాంలే అని తనే తీసుకుపోయి తొమ్మిదిలో చేర్పించినాడు.

ఊరు మాట్లాడింది. పద్నాలుగేళ్ల పిల్ల పావడా మీద బడికి పోతుంటే మాట్లాడింది. పదిహేనేళ్లప్పుడూ మాట్లాడింది. ప్రమీలమ్మ పావడాలు మడమల దాకా, జాకెట్లు నడుం కిందికి వదులుగా కుట్టించింది. అంతకుమించి ఎవరికీ జవాబు చెప్పలేదు. పదహారేళ్లు వచ్చేసరికి ఊరికి మాట్లాడుకోవడానికి వేరే పిల్ల దొరికింది. గురవమ్మ కొడుక్కి ఈలోపల అల్లూరు పిల్లతో పెళ్లయింది. శుభలేఖ వచ్చింది, వీళ్లు పోయి అక్షింతలు వేసి వచ్చారు.

ఎస్సెల్సీ పాసై, నెల్లూరులో టీచరు ట్రైనింగులో సీటు వచ్చిన వారం పెంచల చోటే సాహెబ్ మూట విప్పించి తనే ఒక ఓణీ తీసుకుంది. నీలం రంగు నూలుది. నైలాన్ మోజు ఆమెకి అప్పటికే పోయింది. వేడుకేమీ చేయలేదు. అద్దం ముందు నిలబడి తనే వేసుకుని, పిన్నీసు పెట్టుకుని, "బాగుందా అమ్మా?" అంది. ఆ రోజుతో ఆమె నీడ పెరగడం ఆగింది. పెరగడానికి పెద్దగా ఏం మిగల్లేదు కూడా.

నెల్లూరు బస్సెక్కించడానికి ప్రమీలమ్మ రోడ్డు దాకా నడిచి వెళ్లింది. తొమ్మిది గంటలకే ఎండ మండిపోతోంది. దారి పొడుగునా ఒక్క చెట్టు లేదు, రెండు వైపులా కోసిన చేలే. పెట్టె ఒక చివర తల్లి, ఒక చివర కూతురు పట్టుకున్నారు. కొంత దూరం పోయాక ప్రమీలమ్మకి నెత్తి మీద చల్లగా అనిపించింది. మబ్బేమో అని చూసింది. మబ్బు లేదు. పక్కన నడుస్తున్న కూతురి నీడ తన మీద తల నుంచి కాళ్ల దాకా పడి ఉంది.

"టైమైపోయింది, త్వరగా రామ్మా" అంది పెంచల.

"బస్సు ఎక్కడికీ పోదులే. కాస్త మెల్లగా నడువు" అంది ప్రమీలమ్మ.